గోధుమ జిగురు లేని రొట్టె

రొట్టె అనగానే నేడు చాలమందికి గోధుమ రొట్టెయే జ్ఞప్తికి వచ్చును. గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి మెట్టలలో మాత్రము ఒకప్పుడు ఆ మాట వినగానే జొన్న రొట్టెయో, మినప రొట్టెయో మనసుకు తట్టెడిది. గోధుమ ఈ నేల పంట కాదు. అయినను ఇప్పుడు నల్లపాడు వంటి ఊరిలో కూడ ఉదయము బ్రెడ్డు, సాయంకాలము బిస్కత్తు, రాత్రికి చపాతి సామాన్యమైనవి. చాలమందికి దీనివలన ఏ చిక్కును లేదు. గోధుమ మంచి ఆహారమే. కాని కొద్దిమంది పిల్లలకు, పెద్దలకు గోధుమలోని ఒక పదార్థము చిన్నప్రేగును దెబ్బతీయును. అట్టివారికి వైద్యులు చెప్పు చికిత్స ఒక్కటే: బ్రతికినంత కాలము గోధుమను మానివేయుట. అప్పుడు ఆ ఇంటివారికి కలుగు మొదటి ప్రశ్న "మరి రొట్టె ఎట్లు? మంచి రొట్టె ఎక్కడ దొరకును?" అనునది. దీనికి సమాధానము చెప్పుటకు ముందు, గోధుమ రొట్టె అంత మెత్తగా ఎందువలన పొంగునో తెలిసికొనవలెను. గోధుమ చేయు పని ఏమో తెలిసినచో, ఆ పనిని చేయగల వేరొక పదార్థమును వెదకవచ్చును.

గోధుమ పిండిలోని జిగురు

గోధుమ పిండిని నీటితో ముద్దగా కలిపి, అరగంట నాననిచ్చి, ఆ ముద్దను నీటి గిన్నెలో మెల్లగా పిసుకుచు కడిగినచో నీరు పాలవలె తెల్లబడును. ఆ తెల్లదనము స్టార్చి అను పిండి పదార్థము. నీరు మార్చుచు కడిగిన కొలది ముద్ద చిన్నదై, చివరకు చేతిలో బూడిద వన్నె గల జిగురు మిగులును. లాగినచో అది సాగును, విడిచినచో ముడుచుకొనును. దీనికే గ్లూటెన్ అని పేరు. ఇటలీ దేశములోని బొలోన్యా నగర వైద్యుడు బెక్కారి 1728లో ఈ పద్ధతిననుసరించియే దీనిని వేరుచేసి చూపెను. ఆయన వ్రాత 1745లో అచ్చయ్యెను. నూరు గ్రాముల గోధుమ పిండి నుండి సుమారు 25 మొదలు 30 గ్రాముల వరకు తడి జిగురు వచ్చును. అందులో ఎక్కువ భాగము నీరు. ఎండబెట్టగా సుమారు 10 గ్రాములు మిగులును.

ఈ జిగురు మాంసకృత్తుల సముదాయము. ఇందు ముఖ్యమైనవి రెండు: గ్లయడిన్, గ్లుటెనిన్. గ్లయడిన్ వలన ముద్దకు సాగెడు గుణము, గ్లుటెనిన్ వలన తిరిగి ముడుచుకొనెడు బిగువు కలుగును. పిండిని పిసికిన కొలది ఇవి ఒకదానితో నొకటి పెనవేసికొని వలవలె అల్లుకొనును. ముద్దలో ఈస్టు కలిపినప్పుడు, ఆ సూక్ష్మజీవి చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును వెలువరించును. వాయువు పైకి పోవలెనని యత్నించును; జిగురు వల దానిని పోనీయక తాను సాగును. ఇట్లు వేలకొలది చిన్న బుడగలు ఏర్పడి ముద్ద పొంగును. కొలిమిలో కాల్చినప్పుడు బుడగల గోడలు గట్టిపడి, మెత్తని రొట్టె తయారగును. కావున పొంగిన రొట్టెకు కావలసినవి రెండు: వాయువు, ఆ వాయువును పట్టియుంచు గోడ. వాయువును తెచ్చుట సులభము. గోడను కట్టుటయే కష్టము. గోధుమలో ఆ గోడ సహజముగా ఉన్నది.

జిగురు పడని వారు

ఈ జిగురే కొందరికి శత్రువగును. ఈ వ్యాధికి సీలియాక్ వ్యాధి అని పేరు. 1888లో లండనులో శామ్యూల్ గీ అను వైద్యుడు దీని లక్షణములను చక్కగా వర్ణించి, దీనికి చికిత్స యనునది యున్నచో అది ఆహారము ద్వారానే కావలెనని చెప్పెను. కాని ఏ ఆహారము కారణమో ఆనాడు తెలియలేదు. హాలండు దేశమునకు చెందిన పిల్లల వైద్యుడు విల్లెమ్ డిక్కె రెండవ ప్రపంచ యుద్ధమునకు పూర్వమే గోధుమను అనుమానించి, రోగులైన పిల్లలకు గోధుమ లేని ఆహారము నిచ్చి చూచుచుండెను. 1944–45 శీతకాలములో హాలండు పశ్చిమ భాగమున ఘోరమైన కరవు వచ్చెను. బ్రెడ్డు దొరకక జనులు టూలిప్ పూల దుంపలు సైతము తినిరి. అట్టి దినములలో ఈ వ్యాధి గల పిల్లలు క్షీణింపలేదు. బ్రెడ్డు తిరిగి వచ్చిన తరువాత వారి వ్యాధియు తిరిగి వచ్చెను. డిక్కె తన పరిశీలనలను 1950లో యుట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సిద్ధాంత వ్యాసముగా సమర్పించెను. దోషము గోధుమ స్టార్చిలో లేదు, జిగురులో ఉన్నదని ఆయనయు, ఆయన సహచరులును తేల్చిరి.

లోపల జరుగు పని ఇట్టిది. మనము తిను మాంసకృత్తులను జీర్ణరసములు చిన్న చిన్న ముక్కలుగా తునుకును. కాని గ్లయడిన్‌లో ప్రోలీను అను అమైనో ఆమ్లము అధికముగా ఉండుటచే కొన్ని ముక్కలు తునగక పెద్దవిగానే మిగులును. అందులో ఒకటి 33 అమైనో ఆమ్లముల గొలుసు. దీనిని 2002లో గుర్తించిరి. ఈ ముక్కలు ప్రేగు గోడలోనికి చేరినపుడు అచ్చటి ఒక ఎంజైము వాటిని కొంచెము మార్చును. పుట్టుకతో కొన్ని ప్రత్యేకమైన జన్యువులు గల కొందరిలో, దేహరక్షక కణములు మారిన ఆ ముక్కలను శత్రువులుగా భావించి పోరాటమునకు దిగును. ఆ పోరాటములో నష్టపోవునది మన ప్రేగే. చిన్నప్రేగు లోపలి గోడ మీద మిల్లీమీటరు కన్న పొట్టివైన వ్రేళ్ళవంటి మొలకలు లక్షలకొలది ఉండును. ఆహార సారమును పీల్చుకొనునవి అవే. ఈ వ్యాధిలో అవి అరిగి చదునగును. తిన్న తిండి ఒంట బట్టదు. విరేచనములు, కడుపుబ్బరము, పిల్లలలో ఎదుగుదల లేమి, ఎన్ని ఇనుప మాత్రలు మ్రింగినను తగ్గని రక్తహీనత దీని లక్షణములు. బార్లీ, రై అను ధాన్యములలోను ఇట్టి మాంసకృత్తులే ఉన్నందున అవియు పనికిరావు.

మన దేశములో ఈ వ్యాధి ఎంత? ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతములలో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశీలన ఒకటి ఉన్నది. ఉత్తరమున వేయి మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి వ్యాధి కనబడెను. దక్షిణమున పదివేలలో ఒకరికి మాత్రమే కనబడెను. అయితే వ్యాధికి అవకాశమిచ్చు జన్యువులు రెండు చోట్లను ఇంచుమించు సమానముగనే, అనగా నూటికి 36 మొదలు 38 మందిలో ఉండెను. తేడా ఎక్కడ? కంచములో. ఉత్తరమున ఒక్కొక్కరు దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినుచుండగా, దక్షిణమున 25 గ్రాములు మాత్రమే తినుచుండిరి. ఆ జన్యువులు ఉన్న వారందరికిని వ్యాధి రాదు. కాని మన కంచములో గోధుమ పెరుగుచున్న కొలది ఈ వ్యాధిని గూర్చి తెలిసియుండుట మన కవసరము.

జొన్న రొట్టె రహస్యము

గోధుమ లేని రొట్టెలలో మన ప్రాంతమునకు మొదటిది జొన్న రొట్టె. జొన్నలో గ్లూటెన్ లేదు. జొన్న పదార్థములు ఈ రోగులకు హాని చేయవని ఇటలీ శాస్త్రజ్ఞులు 2007లో పరీక్షించి ప్రకటించిరి. సజ్జ, రాగి, కొఱ్ఱ, వరి, మొక్కజొన్న కూడ ఇట్టివే.

జిగురు లేనందున జొన్న పిండిని చన్నీటితో కలిపినచో ముద్ద పగిలిపోవును. అందుకే మన ఇండ్లలో స్త్రీలు కాగిన నీటిని పోసి కలుపుదురు. ఇది ఉత్త ఆచారము కాదు. జొన్న స్టార్చి రేణువులు సుమారు 68 మొదలు 78 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో నీటిని పీల్చి ఉబ్బి, గంజివలె అంటుకొనును. మరిగెడు నీరు పోసినపుడు పిండిలో కొంత భాగము ఇట్లు గంజిగా మారి, మిగిలిన పిండిని కూర్చి పట్టును. మాంసకృత్తుల వల చేయవలసిన పనిని ఇక్కడ స్టార్చి చేయుచున్నది. చేతితో తట్టి పెనము మీద వేసి, పై భాగమును తడిగుడ్డతో అద్దుటయు అర్థవంతమైనదే. పై పొర త్వరగా ఎండి బీటలు వారకుండ అది కాపాడును. రొట్టెను త్రిప్పి కాల్చినపుడు లోపలి తడి ఆవిరియై, పై పొరను ఎత్తి, రొట్టెను పొంగించును. ఇచ్చట వాయువును తెచ్చునది ఈస్టు కాదు, నీటి ఆవిరి.

పల్నాటి జొన్న కూటిని ఎగతాళి చేయు చాటువులు శ్రీనాథుని పేర నేటికిని ప్రచారములో ఉన్నవి. ఎగతాళికి గురియైన ఆ జొన్నయే ఈ రోగులకు ప్రాణాధారము. మెట్ట చేలను ప్రత్తియు, మిరపయు ఆక్రమించినను, గుంటూరు ప్రాంతపు మాగాణులలో వరి కోసిన తరువాత దున్నకనే జొన్న విత్తు పద్ధతి ఉన్నది. నల్లపాడు జంక్షను వద్ద చీలిపోవు రైలు మార్గములలో ఒకటి నంద్యాలకు పోవును. ఆ నంద్యాల పరిశోధనా స్థానము కొఱ్ఱలో సూర్యనంది వంటి మంచి రకములను రూపొందించినది. కావున ధాన్యమునకు దూరము పోవలసిన పని లేదు.

మినుము కట్టు గోడ

జొన్న రొట్టె పలుచనిది. దళసరిగా, మెత్తగా, బుడగలతో పొంగిన రొట్టె కావలెనన్నచో? దానికిని మన వంటింట సమాధానము ఉన్నది. మినపపప్పును నానబెట్టి రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, రాత్రి యుంచినచో ఉదయమునకు పిండి గిన్నె నిండ పొంగును. ఈస్టు వేయలేదు, గోధుమ లేదు. మరి వాయువు ఎక్కడిది? దానిని పట్టినది ఏది?

వాయువును తెచ్చునవి మినపపప్పుతో కూడ వచ్చు సూక్ష్మజీవులు. వాటిలో ముఖ్యమైనది ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడిస్ అని 1965లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపిరి. ఇది పులుపును, బొగ్గుపులుసు వాయువును కూడ పుట్టించును. వాయువును పట్టు గోడను గూర్చి 1970 తరువాత మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థలో సుశీలమ్మ, ఎం. వి. ఎల్. రావు పరిశోధించిరి. మినుములో రెండు పదార్థములు కలిసి పని చేయునని వారు కనుగొనిరి. ఒకటి నురుగును పుట్టించు మాంసకృత్తు. రెండవది అరబినోగాలక్టాన్ అను జిగట పదార్థము; రుబ్బిన మినప పిండి వ్రేళ్ళకు జారుడుగా తగులుట దీనివలననే. మాంసకృత్తు బుడగకు పొరయగును. జిగట ఆ పొరను చిట్లకుండ కాపాడును. ఆవిరి మీదనో, నిప్పు మీదనో ఉడికినపుడు గోడ గట్టిపడును. గోధుమ జిగురు చేయు పనియే ఇది. పదార్థము మాత్రము వేరు.

ఈ పిండితో చేయునది ఇడ్లీ ఒక్కటే కాదు. కోస్తా జిల్లాలలో దిబ్బరొట్టె అను మినప రొట్టె ఉన్నది. దళసరి మూకుడులో నూనె రాచి, పిండిని రెండు వ్రేళ్ళ మందము పోసి, సన్నని సెగ మీద పెట్టి, మూతపైన కూడ నిప్పులు వేసి కాల్చెడివారు. క్రిందను, పైనను నిప్పు గల ఆ మూకుడు నిజమునకు ఒక చిన్న బ్రెడ్డు కొలిమియే. వెలుపల కరకర, లోపల బుడగల మెత్తదనము గల దిబ్బరొట్టె గోధుమ జిగురు లేని బ్రెడ్డు కాక మరేమి? గుంటూరు సమీపముననే ఉన్న లాం పరిశోధనా స్థానము మినుము రకములకు పేరుపొందినది. ఎల్.బి.జి. అను అక్షరములతో మొదలగు రకములలో మొదటి అక్షరము లాం పేరే.

దుకాణపు రొట్టెను ఎన్నుకొనుట

ముక్కలు కోయు బ్రెడ్డే కావలెనని పిల్లలు కోరుట సహజము. గ్లూటెన్ లేని బ్రెడ్డు, బిస్కత్తులు నేడు పట్టణములలో దొరకును, ఇంటను చేసికొనవచ్చును. వీటిలో సామాన్యముగా బియ్యపు పిండి, కర్రపెండలపు పిండి, బంగాళాదుంప స్టార్చి వాడుదురు. గోడ కొరకు ఇసబ్గోలు పొట్టు, గోరుచిక్కుడు జాతి గింజల బంక, శాంథాన్ అను సూక్ష్మజీవుల బంక, కోడిగ్రుడ్డు కలుపుదురు. పిండిని ముద్దగా కాక, ఇడ్లీ పిండివలె జారుగా కలిపి అచ్చులో పోసి కాల్చుదురు.

మంచి దానిని ఎన్నుకొనుటకు మూడు గుర్తులు చాలును. మొదటిది, పొట్లముపై గ్లూటెన్ రహితము అను మాట. మన దేశపు నిబంధనల ప్రకారము కిలోలో 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఉన్న పదార్థమునకే ఆ పేరు చెల్లును. రెండవది, దినుసుల పట్టిక. పట్టికలో ఎక్కువగా ఉన్న దినుసు మొదట వ్రాయబడును. మొదటి పేరు స్టార్చి యైనచో అది కడుపు నింపును గాని పోషణ తక్కువ; జొన్న, రాగి, శనగ వంటి పూర్తి ధాన్యపు పిండి మొదట ఉన్నచో మేలు. మూడవది, తాజాదనము. జిగురు వల లేనందున ఇట్టి బ్రెడ్డు త్వరగా గట్టిపడి పొడిపొడి యగును. రిఫ్రిజిరేటరులో మామూలు అరలో ఉంచినచో ఇంకను త్వరగా పెళుసగును. ముక్కలు కోసి మంచు గట్టు అరలో ఉంచి, కావలసినపుడు పెనముపై వెచ్చచేసికొనుట మంచిది.

దాగియున్న గోధుమ

గోధుమ లేని ధాన్యము కొన్నంత మాత్రాన పని ముగియలేదు. పిండిమరను గూర్చి ఒక చిన్న లెక్క చేయుదము. మరలో ముందుగా ఎవరో గోధుమలు ఆడించిరి. మర లోపల 5 గ్రాముల, అనగా సుమారు రెండు చిన్న చెంచాల గోధుమ పిండి మిగిలినది. తరువాత మనము ఒక కిలో జొన్నలు ఆడించితిమి. ఆ 5 గ్రాములలో పదవ వంతు గ్లూటెన్ అనుకొన్నను 500 మిల్లీగ్రాములు మన పిండిలో చేరినది. నియమిత పరిమితి 20. కావున ఆ జొన్న పిండి పరిమితికి 25 రెట్లు చెడినది! దినమునకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తిన్నను ప్రేగు దెబ్బతినునని 2007లో ఇటలీలో జరిగిన పరిశోధన తెలిపినది. ఒక గోధుమ బ్రెడ్డు ముక్కలో యాభైవ వంతు చాలును ఆ హానికి. కనుక రోగి కొరకు జొన్నలను ఏరి, కడిగి, ఎండబెట్టి, ఇంటిలో ప్రత్యేకముగా ఉంచిన తిరగలిలోనో, మిక్సీలోనో విసరుకొనుట క్షేమము.

మరికొన్ని దాగుడు చోట్లు ఉన్నవి. ఉప్మాకు వాడు బొంబాయి రవ్వ, సేమ్యా గోధుమవే. కూట ఇంగువలో తరచుగా మైదా గాని, గోధుమ పిండి గాని కలియును. మాల్టు పానీయములలో బార్లీ ఉండవచ్చును. గుంటూరు మిరపకాయ బజ్జీ శనగపిండితో చేసినదే యైనను, మైదా కలిపిన మైసూరు బజ్జీలు వేగిన నూనెలోనే అదియు వేగినచో రోగికి పనికిరాదు. చపాతీ పీట, కఱ్ఱ, పెనము వేరుగా ఉంచవలెను. ఇక పండుగ పిండివంటలలో అరిసెలు, సున్నుండలు, చక్కిలములు బియ్యపు పిండితోను, మినుములతోను చేయునవి గనుక, కలుషితము కానిచో నిశ్చింతగా తినవచ్చును.

పాఠశాలలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చూపవచ్చును. ఒకే కొలత గల మూడు గాజు గ్లాసులు తీసికొనుడు. మొదటి దానిలో గోధుమ పిండి, చక్కెర, ఈస్టు, గోరువెచ్చని నీరు కలిపి పిసికిన మెత్తని ముద్దను, రెండవ దానిలో అట్లే కలిపిన బియ్యపు పిండిని, మూడవ దానిలో ముందు నాటి రాత్రి రుబ్బి బియ్యపు రవ్వతో కలిపిన మినప పిండిని సగము వరకు నింపుడు. మొదటి రెండింటిని గంట సేపు, మూడవ దానిని రాత్రి నుండి ఉదయము వరకు ఉంచి, ఎత్తును కొలబద్దతో కొలిచి వ్రాసికొనుడు. బియ్యపు పిండిలో బుడగలు పైకి వచ్చి చిట్లిపోవుచుండును. ఎత్తు అంతగా పెరుగదు. గోధుమ ముద్దయు, మినప పిండియు పొంగును. వాయువు మూడింటను పుట్టినది. గోడ రెండింటనే ఉన్నది. ఈ తేడాను విద్యార్థులు తమ కన్నులతోనే చూతురు.

ఉపాధ్యాయులకు మరొక మనవి. తోటి పిల్లల కన్న పొట్టిగా, పాలిపోయి, తరచు కడుపునొప్పితో బడి మానుచుండు పిల్లవానిని చూచినపుడు, కారణములు అనేకము ఉండవచ్చును. నులిపురుగులు, పోషకాహార లోపము మన ప్రాంతములో మరింత సామాన్యము. అయినను చికిత్సకు లొంగనిచో ఈ వ్యాధి యున్నదేమో వైద్యుని అడుగుమని తల్లిదండ్రులకు చెప్పవలెను. రక్త పరీక్ష, తరువాత అవసరమైనచో చిన్నప్రేగు నుండి తీసిన చిన్న ముక్క పరీక్ష దీనిని తేల్చును. ఒక్క జాగ్రత్త: పరీక్ష కాకమునుపే గోధుమను మానిపించరాదు. మానినచో ప్రేగు కొంత కోలుకొని, రక్తములోని గుర్తులు తగ్గి, పరీక్ష తప్పు సమాధానము చెప్పవచ్చును. వ్యాధి లేనివారు వేలంవెఱ్ఱిగా గోధుమను విడువవలసిన పనియు లేదు.

వ్యాధి తేలిన పిల్లవానికి గోధుమ లేని ఆహారము మొదలిడిన కొద్ది వారములలోనే ఆకలి, బరువు పెరుగుట తరచుగా కనబడును. ప్రేగులోని మొలకలు క్రమముగా తిరిగి లేచును. ఇంత మేలు చేయు మందు దుకాణపు సీసాలో లేదు. జాగ్రత్తగా ఏరి విసరిన జొన్నలలోను, రాత్రి నానవేసిన మినపపప్పులోను ఉన్నది. మంచి రొట్టె కొరకు వెదకువారు తమ వంటింటితో వెదకుట మొదలిడవచ్చును.